వద్దన్న రాళ్ళు

కుళ్ళు అంటారే, అది నాకుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి ముక్కున వేలేసుకునే పని లేకుండా. పరాయివాళ్ళ మీద కాదు. పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే రాజలింగం కొడుక్కి బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళిచ్చిన పేడా మిఠాయి తిని, నీళ్ళు తాగి, హాయిగా పడుకున్నాను. నా కుళ్ళంతా నా పెళ్ళాం వజ్రమ్మ మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె కుడిచెయ్యి మీద.

నా పేరు సాయిలు. మాది కామాఠిపురా తొమ్మిదో గల్లీ, మూడో అంతస్తు. మా తాత పాలమూరు నుంచి బొంబాయి వచ్చి రాళ్ళు కొట్టాడు, మా నాయన రాళ్ళు చెక్కాడు, నేను రాళ్ళు కోస్తాను. ఎక్కడనుకున్నారు? కాలేజీలో, జియాలజీ డిపార్టుమెంటులో. అంచుకు వజ్రపు పొడి పట్టించిన రంపపు చక్రం గిరగిరా తిరుగుతుంటుంది, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, రాయిని దానికి ఆనించి నిలబడాలి. తొమ్మిదేళ్ళు నిలబడ్డాను, రోజుకూలీ మీదే. పర్మనెంటు, పర్మనెంటు అని తొమ్మిదేళ్ళుగా వింటూ వచ్చాను. ఎనభై ఏడులో నిజంగానే ఒక పోస్టు వచ్చింది. ఒకే ఒక్క పోస్టు.

డిపార్టుమెంటులో నేను పనిచేసేది సావంత్ బాయి దగ్గర. పిల్లలకు పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ కోసం రాళ్ళు కొలుస్తుంది. నాతో మాట్లాడేది బొంబాయి హిందీ. ఆమె మాటలు మీకు తెలుగులో చెబుతాను. మనిషి మంచిదే గానీ, మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. రాయిని వెలుగు దూరేంత పలుచగా అరగదీసి చేతిలో పెట్టినా "ఠీక్ హై" అంటుంది. తొమ్మిదేళ్ళలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే.

ఆ ఏడు మొదట్లో బాయి పాలమూరు జిల్లాలో ఏదో గుట్ట నుంచి ఇరవై రాతి దిమ్మెలు తెప్పించింది. మా జిల్లా రాళ్ళు! పెట్టెల మేకులు ఊడదీస్తూ "మా ఊరోళ్ళు వచ్చిన్రు" అని కనబడినవాళ్ళందరికీ చెప్పాను, ఒక్కరూ నవ్వలేదు. చూస్తే అది మామూలు రాయి కాదు. పల్లీపట్టీలో పల్లీల్లాగా లోపలంతా గులకరాళ్ళు. ఎన్నడో ఏరు తెచ్చి పోసిన రాళ్ళట. వాటి నడుమ ఇసుక గట్టిపడి అంతా ఒక్కటే రాయైపోయింది. తర్వాత నేల నొక్కిన నొక్కుడుకు ఆ రాయి మొత్తం నలిగింది. ఎంత నలిగిందన్నది పైనుంచి చూస్తే తెలియదు. లోపలి గులకరాళ్ళను చూడాలి. ఒకప్పుడు గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డులా సాగి ఉంటుంది, ఇంకా నలిగితే దొండకాయలా. పొడవెంత, వెడల్పెంత, ఏ వాలులో పడి ఉంది అని ఒక్కొక్కదాన్నీ కొలిస్తే, గుట్ట ఎంత నలిగిందో లెక్క వస్తుందట. ఇదంతా బాయి చెప్పిందే, నా తెలివి కాదు.

నేను చేయాల్సిందేమిటంటే, ఒక్కో దిమ్మెను మూడు దిక్కుల నుంచి కోసి మూడు పలకలు తీయాలి. పలక ఎటు నుంచి ఎటో తెలియడానికి నల్లరంగు గీత ఒకటి పెట్టాలి. ఆ తర్వాత పలక మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గులకరాళ్ళ అంచుల వెంట పెన్సిల్‌తో గీయాలి. గీయడం అయ్యాక ఆ పలకను మళ్ళీ నేనే ముక్కలు కోసి, మైక్రోస్కోపు కింద పెట్టడానికి పలుచటి పొరలు చేస్తాను. అంటే పలక పోతుంది, కాగితం మాత్రమే మిగులుతుంది. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

గీయాల్సిన స్టూడెంటు కామెర్లు వచ్చి ఊరికి వెళ్ళిపోయాడు. బాయి తల పట్టుకు కూర్చుంది. పోస్టు సంగతి అప్పటికే నా చెవిన పడింది కాబట్టి, ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాను.

"నేను గీస్త బాయి. పలకలు ఇంటికి తీస్కపోయి ఆదివారం ఆదివారం గీస్కొస్త."

బాయి నన్ను ఎగాదిగా చూసి, ఎలా గీయాలో పావుగంట చెప్పింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. సగం విన్నాను, సగం నా పేరు పక్కన పర్మనెంటు అని రాస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

మొదటి ఆదివారం ఖోలీలో కిటికీ కింద కూర్చుని మొదలుపెట్టాను. రంపపు చక్రం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డ చెయ్యి నాది, పెన్సిల్ పట్టగానే వణకడం మొదలుపెట్టింది. వజ్రమ్మ ఎదురుగా గోడకానుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెది బొంబాయిలోనే వర్లి. వాళ్ళ నాయన మిల్లులో పనిచేసేవాడు, సమ్మెలో ఉన్న ఉద్యోగం ఊడిపోయింది. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివింది. నేను మూడు. అదొక సలుపు నాకు ముందునుంచీ ఉంది.

"ఏందయ్యా అది? ఎద్దు ఉచ్చ పోసినట్టున్నది" అంది.

"నీకేమెర్క? ఇది సైన్సు."

"సైన్సయితే ఏంది, గీత గీతే గద. ఇటు తే."

చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం తన వైపు లాక్కుంది. బీడీలు చుట్టేవాళ్ళను చూశారా? తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడుపుతారు, కన్ను ఆకు మీద కూడా ఉండదు. రోజుకు వెయ్యి ఆకులు. పదకొండేళ్ళ వయసు నుంచి అలా కత్తిరించిన చెయ్యి ఆమెది. గులకరాయి అంచు పట్టుకుని పెన్సిల్ ఎత్తకుండా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది.

"ఏవి గియ్యాలె, ఎట్ల గియ్యాలె, చెప్పు" అంది.

మేస్త్రీ కూలీకి చెప్పినట్టు ఏవో నాలుగు ముక్కలు చెప్పి, చాయ్ తాగడానికి కిందికి దిగిపోయాను. ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తు లేదు.

సోమవారం కాగితాలు తీసుకెళ్ళి బాయి బల్ల మీద పెట్టాను. ఎవరు గీశారో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. అబద్ధం కాదు కదా అది? ఒక్కొక్క కాగితం తిరగేసి, చివరికి కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"సాయిలూ, ఇది నీ చెయ్యి కాదు."

ఏం చేయను? చెప్పాను. మా ఇంటామె గీసిందని నసిగాను. అప్పుడు బాయి అన్న మాట ఈరోజుకీ నా చెవిలో జోరీగలా తిరుగుతుంది. "వా! ఏం చెయ్యి! నా స్టూడెంట్లు నలుగురు కలిసినా ఇలా గీయలేరు." వా అట! ఆమె నోట్లో ఆ మాట ఉందని తొమ్మిదేళ్ళలో నాకు తెలియనే తెలియదు. నా కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. రెండు వారాలు తిరగకముందే బాయి తానే ఖోలీలు వరసగా ఉండే మా చాల్‌కు వచ్చింది, వజ్రమ్మను చూడటానికి. మిఠాయి డబ్బా పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, మా నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. నేను ఆమెకు తొమ్మిదేళ్ళు పనిచేశాను, ఒక్కసారి మా గల్లీ ఎటుందని అడగలేదు. ఇద్దరూ మరాఠీలో పకపకలాడుతూ మాట్లాడుకుంటున్నారు. వర్లిలో పెరిగింది కదా, వజ్రమ్మకు మరాఠీ నీళ్ళు తాగినట్టు వస్తుంది. నేను గుమ్మం దగ్గర చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. నా ఖోలీలో నేనే పనోడినయ్యాను.

బాయి వెళ్ళగానే రాజలింగం వరండాలోకి వచ్చాడు. "ఏం సాయిలన్నా, మీ ఇంట్ల సైంటిస్టు పుట్టిందట గద!" అని అరిచాడు. చాల్ మొత్తం గొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయి లోపలికెళ్ళి, కారణం లేకుండా స్టవ్వు తన్నాను. కాలికి దెబ్బ తగిలింది. దానికి పసుపు రాసింది కూడా ఆ చెయ్యే.

ప్రతి ఆదివారం ఇదే తంతు. నేను సంచిలో పలకలు మోసుకొస్తాను, ఆమె గీస్తుంది, నేను మోసుకుపోతాను, బాయి వా అంటుంది. పలకలు కోసింది నేను! అరచేతులు నీళ్ళలో నాని తెల్లబడి, చెవుల్లో రంపం మోత ఇంటిదాకా వచ్చేది నాకు. కోత ఎంత సాపుగా ఉందో ఒక్కరైనా అన్నారా? వంటింట్లో కూర బాగుందంటారు గానీ కూరగాయలు తరిగినవాణ్ణి ఎవరూ అడగరు.

దసరా ముందు బాయి నన్ను పిలిచి కూర్చోమంది. కూర్చోమన్నదంటేనే నాకు అనుమానం వచ్చింది.

"సాయిలూ, పోస్టుకు ఒక పేరు పంపమన్నారు. నీకు తొమ్మిదేళ్ళ సర్వీసు, కాదనను. కానీ ఆ పోస్టు గీతల పనికి, మ్యాపుల పనికి. నా మనసులో వజ్రమ్మ ఉంది. నువ్వేమంటావు?"

"మీ ఇష్టం బాయి" అన్నాను. నోరు అలా అంది. ఇంటికెళ్ళి చెబితే వజ్రమ్మ చేతిలో ఆకు జారిపోయింది.

"నాకా? కాలేజీల నాకా? మరి నీకు?" అంది.

"నాకేముంది, చక్రం ఉన్నది."

ఆమె మొహం చూశాను. భయం, దాని కింద నుంచి పొంగుకొస్తున్న సంతోషం. ఆ సంతోషం నేను చూడకుండా దాచుకోవాలని చూస్తోంది, దాచుకోలేకపోతోంది. అది నన్ను ఇంకా కాల్చింది.

రాజలింగానికి నా సంగతి అర్థం కాలేదు. "ఎవరికొస్తే ఏందన్నా? అదే ఇంట్లకొస్తది, అదే పళ్ళెంలకొస్తది" అన్నాడు. నిజమే. పళ్ళెం సంగతి అయితే నిజమే. కానీ కాగితం మీద పేరు? రేపు ఎవరైనా "సాయిలు ఎవరు?" అంటే "వజ్రమ్మ మొగడు" అంటారు. మూడు తరాలు రాయి పట్టుకు బతికిన ఇంట్లో, రాయి పని బీడీలు చుట్టే చేతికి పోతుందా? ఈ మాట రాజలింగంతో అనలేక పాన్ ఉమ్మేసి వచ్చాను.

సరిగ్గా ఆ వారంలోనే నాకు దారి దొరికింది. నేను రంపం గదిలో ఉన్నాను, పక్క గదిలో బాయి స్టూడెంట్లకు చెబుతోంది. కరెంటు పోయి చక్రం ఆగింది కాబట్టి ప్రతి మాటా వినబడింది. "గులకరాళ్ళన్నీ మొదట గుండ్రంగా ఉండవు. కొన్ని మొదటినుంచీ పొడుగు. ఆ పొడుగు రాయి అడ్డంగా పడి ఉంటే, నలిగినప్పుడు అది గుండ్రంగా అవుతుంది. కాబట్టి గుండ్రటివి, పొట్టివి, వంకరవి, అన్నీ కొలవాలి. సాగినవాటినే ఏరుకుంటే గుట్ట ఉన్నదానికంటే రెండింతలు నలిగిందని లెక్క వస్తుంది. మొత్తం తప్పుతుంది."

నేను చేతిలో ఉన్న పలకను చూశాను. దాని కాగితం పక్కనే ఉంది. పలక మీద నలభై ఒక్క గులకరాళ్ళు. కాగితం మీద ఇరవై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. కాగితం మీద లేనివన్నీ పొట్టివి, గుండ్రటివి, వంకర టింకరవి.

ఎందుకో నాకు క్షణంలో తెలిసిపోయింది. బీడీల కార్ఖానాలో చెకర్ కూర్చుని, పొట్టి బీడీలు, వంకర బీడీలు ఏరి పక్కన పడేస్తాడు. ఛాట్ అంటారు దాన్ని. ఛాట్ ఎక్కువైతే తిట్లు. అందుకని చుట్టేవాళ్ళు ముందే తామే ఏరేసి, సాపుగా ఉన్నవే కట్టలు కడతారు. వజ్రమ్మ రాళ్ళకు కూడా ఛాట్ తీసింది! ఇంత పెద్ద చెయ్యి, ఇంత పెద్ద వా, చివరికి బీడీల బుద్ధి పోలేదు. సంతోషం పట్టలేకపోయాను. అవును, సంతోషమే. గదిలో ఒక్కడినే నిలబడి నవ్వుకున్నాను.

బాయికి చెప్పాలి కదా? చెప్పలేదు.

ఆ ఆదివారం వజ్రమ్మ నీళ్ళకు కిందికి వెళ్ళినప్పుడు ఆమె ట్రంకు పెట్టె తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. బట్టల కింద ఒక కట్ట ఉంది, ట్రేసింగ్ కాగితాలే, మధ్యకు మడిచి బీడీల దారంతో కట్టి ఉన్నాయి. అంచు ఎత్తి చూశాను. వదిలేసిన రాళ్ళు. ఒక్కో పలకకు ఒక్కో కాగితం, పలక నంబరు వేసి, నల్ల గీత గీసి, పొట్టివాటినీ వంకరవాటినీ విడిగా అంతే శుభ్రంగా గీసి పెట్టింది. కార్ఖానాలో ఛాట్ పారేయరు, లెక్కకు పక్కన పెడతారు. ఆ అలవాటు చొప్పునే ఇదీ చేసినట్టుంది. ఈ కట్ట బాయి చేతికి అందితే లెక్క సరైపోతుంది, తప్పు తప్పు కాకుండా పోతుంది, బాయి మళ్ళీ వా అంటుంది.

కట్టను చొక్కా లోపల దోపుకున్నాను. సోమవారం కాలేజీలో రంపం వెనక నీళ్ళ డబ్బా పక్కన, పాత గోనె కింద పెట్టాను. అప్పటికి అరవై పలకల్లో పన్నెండు మాత్రమే కోయకుండా మిగిలాయి. ఆ పన్నెండూ రెండు రోజుల్లో కోసి పారేశాను. అంత హుషారుగా తొమ్మిదేళ్ళలో ఏనాడూ పనిచేయలేదు.

"నా కట్ట చూసినవా? కాగితాలది?" అని వజ్రమ్మ అడిగింది, పెట్టెలోని బట్టలన్నీ నేల మీద పరిచి.

"ఏం కట్ట?"

ఆమె నన్ను కాసేపు చూసింది. బట్టలు మడత పెట్టుకుంది.

దీపావళి తర్వాత సోమవారం పొద్దున పది గంటలకు వజ్రమ్మను డిపార్టుమెంటు హెడ్డు దగ్గరికి తీసుకురమ్మన్నారు, పోస్టు కోసం. పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. ముందురోజంతా నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుంది. పొగాకు మరక, అంత సులభంగా పోతుందా? బస్సులో కూడా చేతులు కొంగులోనే దాచుకు కూర్చుంది. "మంచిగున్నయా?" అని ఒకసారి అడిగింది. నేను కిటికీలోంచి నాగ్‌పాడా జనాన్ని చూస్తూ ఊఁ అన్నాను.

తీరా వెళ్తే బాయి మమ్మల్ని హెడ్డు దగ్గరికి కాదు, తన గదిలోకి పిలిచింది. మొహం పాలిపోయి ఉంది. బల్ల మీద వజ్రమ్మ గీసిన కాగితాలన్నీ పరిచి ఉన్నాయి.

"లెక్క నాలుగు వచ్చింది" అంది. "ప్రతి రాయీ వెడల్పు కంటే నాలుగింతలు పొడుగు. నా గైడ్ చూసి నవ్వాడు. రాళ్ళన్నీ సిపాయిల్లా ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి, ఎవరో ఏరినట్టుంది అన్నాడు. వజ్రమ్మా, ఏమైనా రాళ్ళు వదిలావా?"

వజ్రమ్మ జవాబు చెప్పేలోపే బాయి నా వైపు తిరిగింది. "మొదటి రోజే చెప్పాను కదా సాయిలూ, ఒక్కటి కూడా వదలొద్దని?"

"చెప్పిన్రు బాయి" అన్నాను. అక్కడితో ఆగలేదు. "నేను ఆమెకు చెప్పిన. ఆమెకు బీడీల అలవాటు బాయి, ఛాట్ తీసేసినట్టున్నది."

వజ్రమ్మ నన్ను చూడలేదు. బల్ల అంచును చూస్తూ మెల్లగా, "అవును బాయి. నాదే తప్పు. కానీ పారెయ్యలే. వేరే గీసి కట్ట కట్టి పెట్టిన. ఇప్పుడు కనవడ్తలేదు" అంది.

"పలకలు?"

"కోసేసిన బాయి" అన్నాను.

బాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పీహెచ్‌డీ కోసం ఆమె చేసిన నాలుగేళ్ళ పని అది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. "సరే, వెళ్ళండి. పోస్టుకు సాయిలు పేరే రాస్తాను" అని మాత్రం అంది. చూడండి, నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరిగిపోయింది. పర్మనెంటు. నా పేరు. గాల్లో తేలాలి కదా నేను?

వజ్రమ్మ దండం పెట్టింది. పొద్దుటినుంచీ దాచుకున్న చేతులు అప్పుడు బయటికి తీసింది. రుద్ది రుద్ది వేళ్ళ కొసలు ఎర్రగా కమిలిపోయాయి, గోళ్ళ మూలల్లో మరక అలాగే ఉంది. ఆ చేతులు జోడించి, తను పోగొట్టని కట్టకు క్షమించమంటోంది. నేను కుళ్ళుబోతునే. కసాయిని కాదు. నా కాళ్ళు నన్ను అడగకుండానే రంపం గదికి నడిచాయి. గోనె కింద నుంచి కట్ట లాగాను. ఒక మూల తడిసింది గానీ గీతలు చెదరలేదు.

"బాయి, ఇగో... పలకల సంచిల కలిసి వచ్చినట్టున్నది" అన్నాను. ఇంకా అబద్ధమే.

బాయి ఆత్రంగా దారం తెంపి మడత విప్పింది. ఒక్కొక్క కాగితం చూస్తుంటే ఆమె మొహంలోకి మళ్ళీ నెత్తురు వచ్చింది. నంబర్లున్నాయి. నల్ల గీత ఉంది. అన్నీ ఉన్నాయి. "బతికించావు వజ్రమ్మా!" అంది. అని, పై కాగితం లోపలి వైపు ఏదో రాసి ఉంటే వేలు పెట్టి ఆగింది. తెలుగు అక్షరాలు. బాయికి తెలుగు రాదు.

"ఇక్కడేం రాసుంది సాయిలూ?"

మూడో తరగతి చదువు. కూడబలుక్కుని చదువుకున్నాను. *సాయిలు వద్దన్న రాళ్ళు. అడిగితే ఇయ్యాలె.*

మొదటి ఆదివారం మొత్తం కళ్ళముందుకొచ్చింది. చాయ్‌కి దిగిపోతూ, చెప్పులు వేసుకుంటూ, పెద్ద తెలిసినవాడిలా చెప్పాను: సాగినవే గియ్యి, పొట్టివి, వంకరవి వద్దు, బాయికి సాగినవే కావాలె. బీడీల బుద్ధి కాదు. నా బుద్ధి. నా మాట నమ్మి గీసింది, నమ్మీ నమ్మక మిగతావి దాచింది. వద్దన్నది నేనేనని తెలిసి కూడా బాయి ముందు ఒక్క మాట అనలేదు.

"ఏం రాసుంది?" బాయి మళ్ళీ అడిగింది.

నేను నోరు తెరవకముందే వజ్రమ్మ అందుకుంది. "ఛాట్ అని రాసిన బాయి. అంతే. బీడీల మాట."

ఎంత తేలిగ్గా అందో చూడండి! కన్నార్పకుండా నన్ను కాసేసింది. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నీ నిజమే. కానీ వాటన్నిటి కంటే ముందు వచ్చింది ఏమిటో చెప్పనా? కుళ్ళు. చెయ్యి ఆమెదే గొప్ప, కట్ట దొరికింది కాబట్టి పోస్టూ మళ్ళీ ఆమెదే, ఇప్పుడు మనసు కూడా ఆమెదే గొప్పా? అన్నీ ఆమెకేనా? నాకు ఏమీ మిగల్చదా?

"అబద్ధం బాయి!" అని అరిచాను. "గట్ల రాయలే. సాయిలు వద్దన్న రాళ్ళని రాసింది. వద్దన్నది నేనే. మీరు చెప్పింది సగమే ఇన్న. ఆమెకు తప్పు చెప్పిన. కట్ట దాచింది గూడ నేనే, గోనె కింద. ఆమెకు పోస్టు రావద్దని."

బాయి నన్ను చూసింది, వజ్రమ్మను చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. "బయట కూర్చో" అంది. వజ్రమ్మను మాత్రం ఉండమంది.

దాచిన రాళ్ళు కలిపాక లెక్క నాలుగు నుంచి రెండున్నరకు దిగింది. గుట్ట అనుకున్నంత నలగలేదన్నమాట. పోస్టు వజ్రమ్మకు వచ్చింది. నన్ను పనిలోంచి తీసేయలేదు, చక్రం దగ్గరే ఉంచారు, రోజుకూలీ మీదే. బాయి నాతో మాట్లాడటానికి మూడు నెలలు పట్టింది. మాట్లాడిన మొదటి మాట "ఠీక్ హై."

ఆ రోజు ఇంటికి వచ్చే బస్సులో వజ్రమ్మ అడిగింది. "నేను కాసిన గద. ఎందుకు చెప్పినవ్?"

"నువ్వొక్కదానివేనా మంచిదానివి?" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. బస్సు కామాఠిపురాకు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది, కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు ఇద్దరం ఒకే బస్సులో కాలేజీకి వెళ్తాం. నేను కోస్తాను, ఆమె గీస్తుంది. గీసిన కాగితాలు బాయికి అందించే ముందు నా చేతికి ఇస్తారు, పలకతో సరిచూడమని. ఒక్కో రాయి మీద వేలు పెట్టి లెక్కపెడతాను. ఎక్కడైనా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వదిలిందేమోనని వెతుకుతాను. ఏడాదిన్నర నుంచి వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.